నిరీక్షణను గణించిన మహనీయుడు: ఎర్లాంగ్ జీవితం

విద్యుచ్ఛక్తి పాఠం చదివిన ప్రతి విద్యార్థికీ ఓల్టా, ఆంపియర్, ఓమ్, వాట్ అనే పేర్లు సుపరిచితాలే. అవి ఒకప్పుడు మనుషుల పేర్లన్న సంగతిని సైతం మరచి మనం వాటిని కేవలం కొలతలుగా ఉచ్చరిస్తున్నాం. బల్బు కొనేటప్పుడు ఎన్ని వాట్లని అడుగుతామే గాని వాట్ ఎవరని అడిగేవారు లేరు. ఆ పంక్తిలోనే కూర్చోదగిన మరొక పేరు ఉన్నది. ఆ కొలత ఏ దుకాణంలోనూ వినబడదు, ఏ డబ్బా మీదా అచ్చుపడదు. అయినా టెలిఫోను మోగిన ప్రతిసారీ, కంప్యూటరు తెర మీద ఒక పుట తెరుచుకున్న ప్రతిసారీ, ఆ కొలతకు సంబంధించిన గణితం ఎక్కడో తెర వెనుక పనిచేస్తూనే ఉంటుంది. ఆ కొలత పేరు ఎర్లాంగ్. ఆ పేరు గల మనిషి డెన్మార్కు దేశంలో ఒక పల్లెటూరి బడిపంతులు కుమారుడు. తానూ ఏడేళ్ళు బడిపంతులే.

ఆయన చరిత్రను ఈ సంచికలో వ్రాయాలని మాకు తోచడానికి కారణం మన కళాశాలలోనే ఉన్నది. స్కాలర్‌షిప్ దరఖాస్తులకు గడువు ముగిసే నాటి సాయంత్రం కంప్యూటరు గది ముందు వరండాలో నిలుచున్న విద్యార్థులను కమిటీ పెద్దలు కూడా చూసినారు. లోపల ఉన్నవి పది కంప్యూటర్లు. అందులో అయిదు ఉర్దూ మాధ్యమం వారివి, అయిదు తెలుగు మాధ్యమం వారివి. ఒక వైపు కుర్చీలు ఖాళీగా ఉండగా మరొక వైపు బారు వాకిలి దాటింది. కూర్చున్నవారికైనా సుఖం లేదు. పుట తెరుచుకోదు, చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ రాత్రి కొందరి దరఖాస్తులు గడువులోపల చేరలేదు. ఒక రిక్షా కార్మికుని బిడ్డకు, ఒక బీడీ కార్మికురాలి బిడ్డకు అది ఒక సంవత్సరపు ఫీజు. లైను చాలలేదా, యంత్రాలు చాలలేదా, లేక ఉన్నవాటిని అమర్చడంలో మనమే తప్పు చేసినామా అని ఆ తర్వాత చాలా రోజులు తర్కించుకున్నాం. తర్కం ఎటు పోయినా చివరికి ఎర్లాంగ్ గారి వాకిట్లోనే తేలినాం.

అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ 1878 జనవరి 1వ తేదీన జట్లాండ్ ప్రాంతంలోని లోన్‌బోర్గ్ అనే గ్రామంలో జన్మించినారు. తండ్రి హాన్స్ నీల్సెన్ ఎర్లాంగ్ ఆ ఊరి బడిలో ఉపాధ్యాయుడు, చర్చి పనులలో గుమాస్తా. తల్లి మాగ్డలీన్ క్రారుప్ వంశంలో పూర్వం థామస్ ఫింకె అనే గణితవేత్త ఉండినాడు. త్రికోణమితిలో మనం నేటికీ వాడే టాంజెంట్, సీకెంట్ అనే పేర్లను 1583లో ప్రవేశపెట్టినది ఆయనే. అయితే వంశం పేరు చెప్పుకొని పొట్ట నిండే ఇల్లు కాదది. నలుగురు పిల్లలు, అగ్నర్‌కు రెండేళ్ళ పెద్దవాడైన అన్న, ఇద్దరు చెల్లెళ్ళు. సాయంకాలం అన్న బల్లకు అటువైపు కూర్చొని పుస్తకం చదువుతుండగా, ఎదుట కూర్చున్న తమ్ముడు అదే పుస్తకాన్ని తలక్రిందులుగా చదివి ఆనందించేవాడట. ఒకే పుస్తకాన్ని ఇద్దరు పంచుకొని చదివిన ఇళ్ళు మన విద్యార్థులలో పలువురివి. ఈ ముచ్చట వారికి కొత్త కాబోదు. ఆకాశంలోని నక్షత్రాలంటే బాలునికి అమితమైన ప్రీతి. వాటిని గురించి పద్యాలు కూడా వ్రాసుకునేవాడు.

ప్రాథమిక విద్య అంతా తండ్రి బడిలోనే. పదునాలుగవ యేట కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం వారి ప్రాథమిక పరీక్షకు వెళ్ళగా, వయస్సు చాలదని ప్రత్యేక అనుమతి తీసుకోవలసి వచ్చింది. ఆ పరీక్షలో ప్రత్యేక ప్రశంసతో ఉత్తీర్ణుడై, ఇంటికి తిరిగి వచ్చి రెండేళ్ళు తండ్రి వద్దనే సహాయ ఉపాధ్యాయుడుగా పనిచేసినాడు. పై చదువుకు డబ్బు లేదు. దూరపు బంధువులు హిల్లెరోడ్ పట్టణంలో తమ ఇంట అన్నమూ వసతీ ఇచ్చి రెండేళ్ళు ఉంచుకున్నారు. వారాలు చేసుకొని చదువుకున్న మన పెద్దల కథ వంటిదే ఇది. అక్కడి నుండి ప్రవేశ పరీక్షలో నెగ్గి, 1896లో విద్యార్థి వేతనంతో విశ్వవిద్యాలయంలో చేరినారు. 1901లో గణితం ప్రధానంగా, ఖగోళ, భౌతిక, రసాయన శాస్త్రాలు అనుబంధంగా ఎం.ఏ. పట్టం పుచ్చుకున్నారు. ఆ తర్వాత ఏడేళ్ళు పలు పాఠశాలలలో గణితం చెప్పినారు. బోధన ఆయనకు చక్కగా అబ్బిందంటారు గాని, నలుగురిలో కలివిడిగా తిరిగే స్వభావం కాదు. మాట తక్కువ, పరిశీలన ఎక్కువ. పంతులు పని చేసుకుంటూనే, ప్రాచీన గణితవేత్త హైగెన్స్ పద్ధతుల మీద విశ్వవిద్యాలయం ప్రకటించిన పోటీకి వ్యాసం వ్రాసి 1904లో గుర్తింపు పొందినారు.

ఇక్కడ ఒక చిన్న ఘటన ఆయన బ్రతుకును మలుపు త్రిప్పింది. డెన్మార్కులోని గణితవేత్తల సంఘం సమావేశాలకు ఎర్లాంగ్ క్రమం తప్పక హాజరయ్యేవారు. అక్కడికి యోహాన్ యెన్సెన్ అనే ఇంజనీరు కూడా వచ్చేవారు. పగలు కోపెన్‌హాగన్ టెలిఫోను కంపెనీలో ప్రధాన ఇంజనీరు; తీరిక వేళల్లో ఉత్తమ శ్రేణి గణితవేత్త. ఎం.ఎస్‌సి. విద్యార్థులు నేర్చుకునే యెన్సెన్ అసమానత ఈయనదే. యెన్సెన్ ఈ మితభాషియైన పంతులును కంపెనీ డైరెక్టరు యోహాన్సెన్ గారికి పరిచయం చేసినారు. డైరెక్టరు గారు కూడా సామాన్యుడు కాడు. చందాదారులు ఎంతసేపు వేచి ఉంటున్నారన్న విషయం మీద అంతకు ముందే తానొక వ్యాసం వ్రాసినవాడు. వ్యాపార సంస్థకు అధిపతియై ఉండి, తన కష్టం గణితశాస్త్రానికి చెందినదని గుర్తించగలిగిన అరుదైన మనిషి. 1908లో ఎర్లాంగ్ ఆ కంపెనీలో చేరినారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది సంవత్సరాలు.

ఆనాటి టెలిఫోను ఎట్లా పనిచేసేదో నేటి విద్యార్థులు ఊహించలేరు. పరికరం ఎత్తగానే ఎక్స్ఛేంజిలో ఒక ఆపరేటరు పలికేది. కావలసిన నంబరు చెబితే ఒక తీగను తీసి మరొక రంధ్రంలో గుచ్చేది. వరంగల్లులో పెద్దవారికి ట్రంకు కాల్ రోజులు జ్ఞాపకం ఉండే ఉంటాయి. తపాలా కార్యాలయంలో నంబరు వ్రాసి ఇచ్చి, బల్ల మీద కూర్చొని, పూట గడిచినా పిలుపు రాక ఇంటికి తిరిగి పోయినవారు ఎందరో. కంపెనీకి ఎదురైన ప్రశ్న ఇది: ఎందరు ఆపరేటర్లు ఉండాలి, ఊరికీ ఊరికీ నడుమ ఎన్ని తీగలు వేయాలి? తక్కువ వేస్తే జనం తిడతారు; ఎక్కువ వేస్తే రాగికి పెట్టిన డబ్బు మట్టిలో పాతినట్లే. అంతవరకు అందరూ అనుభవంతో, అందాజుగా వేస్తూ వచ్చినారు.

ఎర్లాంగ్ మొదట చేసిన పని ప్రశ్నను మార్చడం. ఎవరు ఎప్పుడు ఫోను చేస్తారో ఎవరూ చెప్పలేరు. అయితే వేలమంది ఒకరితో ఒకరికి పొత్తు లేకుండా తమ తమ ఇష్టానుసారం ఫోను చేసేటప్పుడు, ఆ అక్రమంలోనే ఒక క్రమం ఉంటుందని ఆయన 1909లో ప్రకటించిన వ్యాసంలో నిరూపించినారు. అది అంతకు చాలాకాలం పూర్వం ఫ్రెంచి గణితవేత్త పాయిజాన్ కనుగొన్న నియమమే. నిమిషానికి సగటున 3 పిలుపులు వస్తాయనుకుందాం. ప్రతి నిమిషానికీ మూడే వస్తాయనుకొని మూడు తీగలు వేసినవాడు మోసపోతాడు. ఈ నియమం ప్రకారం నూరు నిమిషాలలో దాదాపు 5 నిమిషాలు ఒక్క పిలుపు కూడా రాదు. దాదాపు 8 నిమిషాలలో ఆరు గాని అంతకు మించి గాని వచ్చి పడతాయి. సగటు అనేది ఎంత వంచన గల సంఖ్యయో ఇక్కడ తెలుస్తుంది. మొత్తం సామర్థ్యం చాలుతున్నదని కాగితం మీద చూపించే అధికారి, వరండాలో నిలుచున్న విద్యార్థి, ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

1917లో వెలువడిన రెండవ మహావ్యాసం ఆయన కీర్తికి మూలస్తంభం. స్వయంచాలక ఎక్స్ఛేంజీలు అప్పుడప్పుడే వస్తున్న కాలమది. మనదేశంలో మొదటి స్వయంచాలక ఎక్స్ఛేంజి సిమ్లాలో 1913-14లో నెలకొన్నది. ఆపరేటరు లేని చోట, తీగలన్నీ నిండి ఉంటే వచ్చిన పిలుపు ఏమవుతుంది? రెండు విధాలు. అది తిరిగి పోవచ్చు, లేదా వరుసలో వేచి ఉండవచ్చు. రెండింటికీ ఎర్లాంగ్ రెండు సూత్రాలు ఇచ్చినారు. మొదటి దానితో, గంటకు మూడేసి నిమిషాల పిలుపులు ఇరవై వస్తున్నాయనుకొని లెక్కిద్దాం. మొత్తం అరవై నిమిషాలు, అనగా ఒక తీగ గంటసేపు పూర్తిగా నిండే పని. దీనినే నేడు ఒక ఎర్లాంగ్ అంటారు. దీనికి ఒక్క తీగ సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. సూత్రం చెప్పేదేమంటే, ఒక్క తీగ ఉంటే సగం పిలుపులు తిరిగి పోతాయి. రెండుంటే నూటికి 20, మూడుంటే నూటికి 6కు కొంచెం పైగా, నాలుగుంటే నూటికి ఒకటిన్నర. అయిదవ తీగతో వెయ్యికి మూడు. ఎక్కడ ఆపాలన్నది కంపెనీ వారి ఇష్టం. కాని ఇకమీదట అది అందాజు కాదు.

వేచి ఉండే వరుస సంగతి ఇంకా ఆశ్చర్యకరం. ఒక గుమాస్తా కిటికీ వద్ద ఒక్కొక్కరికి సగటున మూడు నిమిషాలు పడుతుందనుకుందాం. ఆ సమయం మనిషి మనిషికీ మారుతూ ఉంటుంది. గుమాస్తా కాలంలో సగం నిండి ఉంటే, వచ్చినవాడు సగటున 3 నిమిషాలు నిలబడతాడు. నూటికి 80 పాళ్ళు నిండితే 12 నిమిషాలు, 90 పాళ్ళు నిండితే 27 నిమిషాలు, 95 నిండితే 57 నిమిషాలు. పని కొంచెం కొంచెమే పెరుగుతుంది. నిరీక్షణ మాత్రం కొండెక్కుతుంది. గుమాస్తాను క్షణం తీరిక లేకుండా కూర్చోబెట్టడమే పొదుపు అనుకునే పాలకులకు ఈ నాలుగు సంఖ్యలు అద్దంలో పెట్టి గోడకు తగిలించి ఇవ్వాలని మాకు చాలాసార్లు అనిపించింది.

ఎర్లాంగ్ వ్యాసాలు సంక్షిప్తంగా ఉంటాయి. నిరూపణలను చాలా చోట్ల వదిలివేసినారు. చదివేవాడు తానే పూరించుకోవాలి. అయినా బ్రిటిషు తపాలా శాఖ వారు ఆయన సూత్రాన్ని వెంటనే తమ లెక్కలకు స్వీకరించినారు. అమెరికాలో ప్రసిద్ధిగాంచిన బెల్ టెలిఫోను ప్రయోగశాలలో ఒక పరిశోధకుడు ఈ వ్యాసాలను మూలంలో చదవడానికే డేనిష్ భాష నేర్చుకున్నాడట. చిన్న భాషలో వ్రాసినందువల్ల శాస్త్రానికి కొరత ఏమీ రాలేదన్నమాట. రెండు మాధ్యమాల మధ్య పెరిగే మన విద్యార్థులు ఈ ముచ్చటను మనస్సులో ఉంచుకోవచ్చు. పగలూ రాత్రీ కంప్యూటరువారు పలికే అల్గారిథం అన్న మాట కూడా బాగ్దాదులో అరబ్బీలో వ్రాసిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుండి పుట్టినదే కదా.

టెలిఫోను తీగకూ కంప్యూటరు సర్వరుకూ ఏమి సంబంధమని విద్యార్థులు అడగవచ్చు. టెలిఫోనులో ఇద్దరు మాట్లాడినంతసేపూ తీగ వారిదే. 1960వ దశకంలో వేరొక పద్ధతి పుట్టింది. సందేశాన్ని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, ఒక్కొక్క పొట్లం మీద చిరునామా వ్రాసి, అందరి పొట్లాలనూ ఒకే దారిన పంపడం. దారిలోని ప్రతి కూడలిలోనూ పొట్లాలు వరుసలో నిలబడతాయి. ఆ వరుసల లెక్కను ఎర్లాంగ్ మార్గంలోనే సాగించినవారు అమెరికాలో లెనార్డ్ క్లైన్‌రాక్. కాగా పొట్లం అందినట్లు రసీదు రావాలి. రసీదు రాకముందు ఎంత సరుకు పంపవచ్చునన్న పరిమితిని విండో అంటారు. సర్వరు అమరికలలో మొట్టమొదట చూడవలసినది ఇదే.

మన కళాశాల లైను రాక వైపు సెకనుకు 100 మెగాబిట్లు, పోక వైపు 10 మెగాబిట్లు. దూరదేశపు సర్వరుకు పొట్లం పోయి రసీదు రావడానికి 200 మిల్లీసెకన్లు, అనగా సెకనులో అయిదవ వంతు. మన పాత సర్వరులో విండో 64 కిలోబైట్ల వద్ద బిగించి ఉన్నది. సెకనుకు అయిదు మార్లు 64 కిలోబైట్లు, అంతే. లెక్క వేస్తే సెకనుకు 2.6 మెగాబిట్లు. నూరు మెగాబిట్లకు డబ్బు కట్టి, ఒక్కొక్క బదిలీలో రెండున్నరతో తృప్తిపడుతున్నామన్నమాట. దారి నిండాలంటే 100 మెగాబిట్లను సెకనులో అయిదవ వంతుతో గుణించాలి: 20 మెగాబిట్లు, అనగా 2.5 మెగాబైట్లు. విండోను అంతకు పెంచగానే పాఠాల వీడియోలు పలు రెట్లు వేగంగా దిగినవి. ఇంతవరకు బాగున్నది.

ఆపైన చేసిన తప్పు మాదే. ఉత్సాహం పట్టలేక అదే 2.5 మెగాబైట్ల సంఖ్యను పోక వైపు గుమ్మం వద్ద నిలిచే వరుసకు కూడా ఇచ్చినాం. గుమ్మం పెద్దదైతే సరుకు జారిపోదు కదా అని మా ఊహ. అయితే పోక వైపు దారి సెకనుకు 10 మెగాబిట్లే. 2.5 మెగాబైట్ల వరుస ఖాళీ కావడానికి రెండు పూర్తి సెకన్లు పడుతుంది. ప్రతి సాయంకాలం కళాశాల దస్త్రాల నకలు దూరపు భాండాగారానికి పోతుంది. ఆ బరువైన సరుకు వరుసనంతా ఆక్రమించగా, దరఖాస్తు నింపే విద్యార్థి పంపిన చిన్న పొట్లం దాని వెనుక రెండు సెకన్లు నిలబడవలసి వచ్చింది. ఒక పుట తెరుచుకోవడానికి అట్టి రాకపోకలు పదులకొద్దీ కావాలి. తెర మీద చక్రం అందుకే తిరిగింది. పాకాల చెరువు కట్టించిన కాకతీయుల నాటి వారికి ఈ సంగతి మాకన్న బాగా తెలుసు. చెరువును ఎంత పెద్దగా త్రవ్వినా పొలానికి నీరు పారేది తూము వెడల్పును బట్టే.

తిరిగి తిరిగి ప్రయత్నించడం మరొక ప్రమాదం. ఎర్లాంగ్ మొదటి సూత్రంలో, తీగ దొరకనివాడు నిశ్శబ్దంగా ఇంటికి పోతాడని ఊహ. నిజ జీవితంలో అతడు పోడు; మళ్ళీ త్రిప్పుతాడు. మన విద్యార్థులూ పుట రాలేదని మీట మీద మీట నొక్కినారు. యంత్రాలు కూడా ఇదే తప్పు చేసిన ఉదంతం చరిత్రలో ఉన్నది. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణానికీ నడుమ, కేవలం నాలుగు వందల గజాల దూరంలో, సెకనుకు 32,000 బిట్ల వేగం 40 బిట్లకు పడిపోయింది. రసీదు ఆలస్యమైందని ప్రతి యంత్రమూ పంపిన సరుకునే మళ్ళీ పంపగా, దారి అంతా నకళ్ళతో నిండిపోయింది. వాన్ జేకబ్సన్ అనే శాస్త్రజ్ఞుడు 1988లో ప్రకటించిన పద్ధతి ప్రకారం, ఇబ్బంది కనబడగానే యంత్రాలు తామే వెనుకకు తగ్గి, ఆపైన మెల్లగా ముందుకు రావడం నేర్చుకున్నవి. నేటి సర్వరులన్నిటిలోనూ ఆ మర్యాద ఏదో ఒక రూపంలో ఉన్నది.

ఎర్లాంగ్ గణితానికి కూడా హద్దులున్నాయి. పిలుపులు ఒకదానితో ఒకటి పొత్తు లేకుండా వస్తాయన్నది ఆయన పునాది. మనుషుల సంభాషణలకు అది చక్కగా సరిపోయింది. 1990వ దశకపు ఆరంభంలో బెల్‌కోర్ సంస్థలోని పరిశోధకులు కంప్యూటర్ల నడుమ సాగే సరుకును కొలిచి చూడగా, అది గుంపులు గుంపులుగా వస్తున్నదని, సెకన్లలో చూసినా గంటలలో చూసినా ఆ ఎగుడుదిగుడు సమసిపోవడం లేదని తేలింది. కాబట్టి సర్వరు అమర్చేవాడు సూత్రాన్ని నమ్మి నిద్రపోరాదు. కొలవాలి, ఒక్క అమరికను మార్చాలి, మళ్ళీ కొలవాలి. మేము రెండింటిని ఒకేసారి మార్చినందువల్లనే ఏది మేలు చేసినదో ఏది కీడు చేసినదో చాలాకాలం తెలియలేదు.

కొలవడమంటే ఎర్లాంగ్ గారికి బల్ల వద్ద కూర్చొని చేసే పని మాత్రమే కాదు. భూమిలో పాతిన టెలిఫోను కేబుళ్ళను దారితప్పిన విద్యుత్ ప్రవాహాలు తినివేస్తున్నాయా అని పరీక్షించే బాధ్యత కూడా కంపెనీ వారు ఆయనకే అప్పగించినారు. సహాయకులు ఎవరూ లేరు. కోపెన్‌హాగన్ వీధులలో నిచ్చెన మోసే పనివాడు ఒకడు వెంట రాగా, ఈ గణితవేత్త మ్యాన్‌హోల్ మూతలు తీయించి, నిచ్చెన మీదుగా లోపలికి దిగి తన పరికరంతో కొలిచి పైకి వచ్చేవారు. బాటసారులకు ఆ దృశ్యం అలవాటైపోయింది. ఇంతటి సిద్ధాంతకర్త మురికి గుంటలో దిగడమేమిటని ఆనాడు ఎవరైనా అనుకున్నారేమో గాని, ఆయన మాత్రం అనుకున్నట్లు కనబడదు. టెలిఫోను ప్రవాహాలను కొలవడానికి తానే ఒక పరికరాన్ని కూడా రూపొందించినారు. గణిత పట్టికలు తయారుచేయడం ఆయనకు ఇష్టమైన మరొక పని.

ఎర్లాంగ్ పెళ్ళి చేసుకోలేదు. సంపాదనలో అధికభాగం పుస్తకాలకు, దానానికి. గణితం, ఖగోళం, భౌతికశాస్త్రం మొదలుకొని తత్త్వం, కవిత్వం వరకు ఆయన గ్రంథాలయంలో లేని శాఖ లేదు. కష్టంలో ఉన్నవారు ఆయనను వెదుక్కుంటూ ప్రయోగశాలకే వచ్చేవారు. ఎవరి కంటా పడకుండా చేతిలో ఏదో ఉంచి పంపివేసేవారు. సహోద్యోగుల నడుమ ఆయనకు ఏకాంతి అన్న పేరు ఉండేది. వరుసలో వేచి ఉండేవారి కష్టాన్ని లెక్కలో పెట్టిన మనిషి, తన గుమ్మం వద్ద ఎవరినీ వేచి ఉండనివ్వలేదు.

కంపెనీలో దాదాపు ఇరవై సంవత్సరాల సేవలో ఒక్కనాడైనా అనారోగ్యం వల్ల సెలవు పెట్టలేదంటారు. 1929 జనవరిలో ఉదరవ్యాధితో ఆసుపత్రిలో చేరి, శస్త్రచికిత్స జరిగినా ఫలితం లేక, ఫిబ్రవరి 3వ తేదీన కన్నుమూసినారు. వయస్సు 51 సంవత్సరాలు. 1946లో అంతర్జాతీయ టెలిఫోను సంప్రదింపుల సంఘం రద్దీకి కొలతగా ఆయన పేరునే నిర్ణయించింది. రెండేళ్ళ తర్వాత ఆయన జీవితమూ వ్యాసాలూ కలిపి గ్రంథంగా వెలువడినవి. 1980వ దశకంలో స్వీడన్‌లోని ఎరిక్సన్ కంపెనీ ఇంజనీర్లు టెలిఫోను ఎక్స్ఛేంజీల కోసం ఒక కంప్యూటరు భాషను సృష్టించి దానికి ఎర్లాంగ్ అని పేరు పెట్టినారు. నేడు మన విద్యార్థులు గంటకు పదిమార్లు చూసుకునే వాట్సాప్ సర్వరులు ఆ భాషలోనే రూపొందినవి. పేరు తెలియకుండానే ఆయన పేరును వాడుకుంటున్నాం.

మన కంప్యూటరు గది హాజరు పుస్తకాన్ని మేము మొన్న మళ్ళీ తీసి చూసినాం. ఆ సాయంత్రం అన్నింటికన్న రద్దీ గల గంటలో వచ్చినవారు 32 మంది. ఒక మాధ్యమం వారు 24, మరొక మాధ్యమం వారు 8. ఒక్కొక్కరు సగటున కూర్చున్నది 12 నిమిషాలు. మొత్తం 384 నిమిషాలు, అనగా 6.4 ఎర్లాంగులు. పది కంప్యూటర్లకు ఇది మోయలేని బరువు కాదు. అయితే అయిదు కంప్యూటర్ల వైపు 4.8 ఎర్లాంగులు పడగా, రెండవ అయిదింటి మీద 1.6 మాత్రమే పడినది. రాక అదే వేగంతో సాగుతూ పోతే బరువైన వైపు సగటు నిరీక్షణ దాదాపు 54 నిమిషాలని 1917 నాటి సూత్రం చెబుతున్నది. పది కంప్యూటర్లూ అందరివీ అయి ఒకే వరుస ఉండినట్లయితే అది అర నిమిషం. తీగల విషయంలో మొదటి సూత్రం చెప్పేదేమంటే, నూటికి ఒక పిలుపు మాత్రమే తిరిగిపోయేటట్లు అయిదు తీగల గుంపులు రెండు విడివిడిగా మోయగలిగేది మొత్తం 2.7 ఎర్లాంగులు, పదింటినీ కలిపితే 4.4కు పైగా.

పోక వైపు వరుసను మేము తగ్గించి వేసినాం. దస్త్రాల నకలు ఇప్పుడు రాత్రి పదకొండు తర్వాత పోతున్నది. పది కంప్యూటర్లకు ఒకే వరుస ఉండాలన్న అర్జీ, ఉర్దూలో ఒక ప్రతి, తెలుగులో ఒక ప్రతి, పై లెక్కతో సహా కమిటీ వారి ముందు ఉన్నది. వచ్చే దరఖాస్తుల కాలానికి ముందే దానిని పరిశీలించవలెనని పెద్దలకు విన్నవించుకుంటున్నాం.